దాక్టరు సాబు మోటరుకు నేను కోసిన చక్రం

ఎండకాలం ఆఖర్న ఒకనాడు దాక్టరు సాబు మోటరును రెండెడ్లు గుంజుకొచ్చినయి. మాది నార్కట్‌పల్లి. హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు పక్కనే మా ఇల్లు, ఇంటి ముంగట మా బాపు కొలిమి. ఎడ్లు కొలిమి ముంగట ఆగంగనే మా అమ్మ నీళ్ళ చెంబు పట్టుకొని ఉరికింది, ఎవరికో దెబ్బ తాకిందనుకొని. ఎవరికీ దెబ్బ తాకలే. దాక్టరు సాబు కోటు చేతి మీద ఏసుకొని ఎడ్ల ఎనుక నడుసుకుంట వస్తున్నడు. మొఖమంతా దుమ్ము దుబ్బ.

"ఉస్తాద్, నా గుర్రం పండుకుంది. జర లేపు," అన్నడు మా బాపుతోటి.

ఆ మోటరు సుట్టుపక్కల అందరికీ ఎరుకే. నల్ల రంగు, మీద గుడ్డ టాపు, ముంగట ఇత్తడి కట్టున్న రెండు పెద్ద దీపాలు. ఇంగ్లీషోళ్ళ సీమల తయారైన బండి. నీకంటే అదే వయసుల పెద్దదని నాతోటి దాక్టరు సాబు నవ్వుకుంట చెప్తుండె. మీట నొక్కితే లేచే రకం కాదు, ముంగట హ్యాండిలు పెట్టి తిప్పాలె. సాబు తురకాయన, భార్యా పిల్లలు లేరు. రోడ్డు కొసన రెండర్రల ఇల్లు, అదే ఇల్లు, అదే దవాఖాన. చుట్టూ ముప్పై నలభై ఊర్లకు ఆయనొక్కడే దాక్టరు. పిలిస్తే మోటరేసుకొని పోవుడే గాని, పిలిచినోడు ఏ కులపోడు, ఏ పక్కపోడు అని అడిగేటోడు కాదు.

గా దినాలల్ల అది చిన్న సంగతి కాదు. ఒక దిక్కు దొరల మీద, సర్కారు మీద తిరగబడ్డ సంఘపోళ్ళు గుట్టలల్ల, చెలకలల్ల తిరుగుతున్నరు. ఇంకో దిక్కు సర్కారు అండ ఉన్న ఖాకీ బట్టలోళ్ళు తుపాకులు పట్టుకొని ఊర్ల మీద పడుతున్నరు. రెండు దిక్కులా గాయాలైతున్నయి. రెండు దిక్కులోళ్ళూ దాక్టరు సాబు కాడికే వస్తున్నరు.

బాపు మోటరు కిందికి దూరి, "హ్యాండిలు తిప్పు బిడ్డా," అన్నడు. నేను తిప్పిన. లోపల ఎక్కడో పగిలిన గంట కొట్టినట్టు ఒక సప్పుడు. మళ్ళ తిప్పుమన్నడు. మళ్ళ గదే సప్పుడు. బయటికొచ్చి చేతులు దులుపుకొని, "ఇంజను మంచిగనే ఉన్నది సాబ్. దాని ఎనుకున్న బరువు చక్రం పగిలింది," అన్నడు.

మరునాడు గేర్ల పెట్టె దించినం. బాపు చెప్పినట్టే ఉన్నది. దాక్టరు సాబు దాన్ని ఫ్లైవీల్ అన్నడు. ఇంజను ఎనుక ఇరుసుకు ఆరు బోల్టులతోటి బిగించి ఉంటది, రొట్టె కాల్చే పెద్ద పెనమంత ఉంటది, కని రెండు వేళ్ళ మందం. ఇంజను ఒక్కో దెబ్బ కొట్టినప్పుడు ఆ ఊపును ఈ బరువు పట్టుకొని ఉంటది. గందుకనే బండి ఎగిరెగిరి పడకుండ సాఫుగ పోతది. క్లచ్చు రేకు కూడ దీని మొఖం మీదనే ఆనుకుంటది. అసువంటి చక్రం ఒక బోల్టు బొక్క కాడికెల్లి ఇంకో బోల్టు బొక్క దాక నెర్రె వాసింది.

"రివిట్లు కొట్టి కలుపరాదా?" అన్నడు సాబు.

"కలుపొచ్చు. నిమిషానికి ఎన్ని వందల సుట్లు తిరుగుతదో మీకే ఎరుక. గప్పుడు పగిలిందంటే మీ కాళ్ళ కింది పలక చీల్చుకొని పైకొస్తది. కాళ్ళు ఉండయి."

సాబు రివిట్ల మాట ఇడిసిపెట్టిండు.

కొత్తది తెప్పిద్దామంటే అది బొంబాయికెల్లి రావాలె. అప్పటికే హైదరాబాదు రాజ్యం చుట్టు సరిహద్దులు మూసిన్రు. ఉప్పు, మందులు, పెట్రోలే వస్తలేవు, పాత మోటరు చక్రం ఎక్కడికెల్లి వస్తది? సాబు హైదరాబాదుల దుకాణాలకు ఖతులు రాసిండు. లేదంటే లేదని జవాబులొచ్చినయి. గీలోపల ఆయన ఎడ్లబండి మీద తిరుగుడు మొదలుపెట్టిండు. ఒకనాడు పొద్దుగాల పోయి మాపటికి వచ్చి మా కొలిమి కాడ కూసున్నడు. ఎండకు మొఖం కమిలింది. "పాము కరిచిన పిల్ల. నేను పోయేసరికి చాప మీద పండుకోబెట్టి మొఖం కప్పిన్రు," అన్నడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండనే లేచిపోయిండు.

ఆ మాట నా చెవుల్లకెల్లి పోలే.

నా సంగతి జర చెప్పాలె. నాకప్పుడు ఇరువై ఏండ్లు. పెండ్లయిన ఏడాదికే నా పెనిమిటి కలరాతోటి పోతే బాపు పోయి నన్ను ఇంటికి తోల్కొచ్చుకున్నడు. వచ్చిన నాలుగో నాడే నా చేతికి ఆకురాయి ఇచ్చి, "కూసుంటే మనసు తుప్పు పడతది, ఈ కొడవలి రాయి," అన్నడు. బాపు అంతకుముందు పత్తి మిల్లుల పని చేసిండు. మిల్లు మూతబడ్డప్పుడు ఆడున్న చిన్న లేతు మిషిను తెచ్చుకున్నడు. ఇనుమును గుండ్రంగ తిప్పుకుంట కోసే మిషిను అది. మాకు కరెంటు లేదు. మనిషెత్తు కట్టె చక్రం ఒకటి చేసి, దానికి తాడు ఏసి, ఆ తాడు మిషినుకు కలిపిండు. అమ్మ ఆ చక్రం తిప్పుతుంటే బాపు కోసేటోడు. నేను పక్కన నిలవడి చూసుకుంట చూసుకుంట నేర్చుకున్న. తరువాత బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కిస్తుంటే బాపుకు నిప్పురవ్వ పడి ఒక కన్ను పోయింది. రెండోదానికి పొర కమ్మింది. గప్పటిసంది కోసుడు నాది, చెప్పుడు బాపుది. కని అదంతా బండి కీలలు, బొక్కెన కడియాలు, మోట సామాను. మోటరు పని కాదు.

మరునాడు బాపుతోటి అన్న, "ఆ చక్రం నేను కోస్త."

బాపు ముద్ద కలిపేది ఆపిండు. "ఎంట్రుక వాసి తేడా వస్తే ఊగుతది. ఊగితే పగులుతది. పగిలితే సాబు కాళ్ళు పోతయి. ఎరుకేనా?"

"ఎరుకే."

"ఏందయ్యా ఎరుకే!" అన్నది అమ్మ. "అది ఆడిపిల్ల. మోటర్లు చేస్తదా?"

బాపు పళ్ళెం పక్కకు జరిపిండు. తరువాత లేచి చెయ్యి కడుక్కొని, ఒక ఇనుప ముక్క తెచ్చి నా ముందట పెట్టిండు. "దీని మొఖం సాపు చేసి తే."

పగటాల్ల దాక కూసుండి కోసి తీసుకపోయి ఇచ్చిన. బాపు దాని మీద బొటనవేలి గోరు పెట్టి ఈ కొసకెల్లి ఆ కొస దాక గీకిండు. కండ్లు మూసుకొని ఇంకోసారి గీకిండు. గోరు ఎక్కడా ఆగలే. "మిల్లు కాడికి బండి కట్టు," అన్నడు.

మూతబడ్డ మిల్లుల పత్తి బేళ్ళు నొక్కే మిషిను ఒకటి తుప్పు పట్టి ఉండె. దాని కింది పలక పోత పోసిన ఇనుము, మేం బీడు అంటం. కావలోడు మా బాపు పాత దోస్తు. "పాములు పండుకుంటున్నయి దాని కింద, తీస్కపో," అన్నడు. రెండు చక్రాలకు సరిపోయే పలక అది. ముగ్గురం, ఎడ్లు, రెండు మోకులు కలిస్తే బండి మీదికెక్కింది.

పాత చక్రాన్ని పలక మీద పెట్టి సుద్దతోటి చుట్టు గీసిన. ఇగ దాన్ని గుండ్రంగ తెంపాలె. బీడును రంపంతోటి కోసుడు మాకు కాదు. గీత పొంటి ఒక బొక్క పక్కన ఒక బొక్క వేసుకుంట పోయి, నడుమ మిగిలిన సన్నపు గోడలను ఉలితోటి కొట్టుడే. చేతితోటి తిప్పే బరమా ఒకటి ఉండె మాకు, బొక్కలు వేసేది. రెండు వేళ్ళ మందం బీడుల ఒక్క బొక్క పడాలంటే రెక్కలు పడిపోయేవి. దినానికి ఆరు, ఎక్కువంటే ఏడు. మొత్తం డెబ్బై పైనే. మూడో నాటికి అరచేతుల బొబ్బలొచ్చి పగిలినయి. దాక్టరు సాబు వచ్చి పట్టి కట్టి, కోటిప్పి మొలకు తగిలించి, బరమా ఆయన అందుకున్నడు. గా మాపటికి తన చేతులకు తనే పట్టి కట్టుకున్నడు.

"ఇరువై ఏండ్లు చదివిన బేటీ, గిసువంటి పని ఒక్కటి నేర్పలే ఎవ్వరూ," అన్నడు.

చక్రం తెగింది గని మిషిను మీద పట్టలే. మిషిను పొట్టిది, చక్రం పెద్దది, కింద తాకుతున్నది. బాపు రెండు దినాలు ఆలోచన చేసిండు. ఆఖరికి మిషిను తలకాయ మొత్తం విప్పి, దాని కింద నాలుగు ఇనుప దిమ్మెలు పెట్టి ఎత్తు చేసిండు. ఉలి పట్టే జాగా కూడ అంతే ఎత్తు లేపిండు. దిమ్మెలన్నీ ఒక్క తీరుగ ఉండేటట్టు నేను రాసిన, బాపు గోరుతోటి చూసిండు.

అమ్మ చీర కొంగు నడుముకు చెక్కి కట్టె చక్రం పట్టుకున్నది. "నడువు," అన్న. తాడు బిగుసుకున్నది, బీడు తిరుగుడు షురువైంది. నల్లటి పొట్టు రాలి, లోపలి బూడిద రంగు తేలింది. నాలుగు దినాలు మంచిగ కోసిన. అయిదో నాడు క్లచ్చు ఆనే మొఖం కోస్తుంటే చింతగింజంత నల్ల మచ్చ కనవడ్డది. ఇంకో పొర తీసిన. మచ్చ రేగుపండంత అయింది. లోపల గుల్ల! ఎన్నడో పోత పోసినప్పుడు గాలి చిక్కుకున్న బొక్క అది. బాపు వేలు పెట్టి చూసి, "ఇది పోదు, ఈ చక్రం పనికిరాదు," అన్నడు. గంతే అన్నడు.

నేను ఉలి పారేసి ఇంటెనుక జొన్న చెలకలకు పోయి కూసున్న. నెల రోజుల పని. చేతుల పుండ్లు ఇంకా మానలే. సాబుకు ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? ఎంత ఏడ్చిన్నో నాకే ఎరుక.

తెల్లారి లేచేసరికి మిషినున్న కొట్టంల సప్పుడైతున్నది. పోయి చూస్తే అమ్మ. మిగిలిన పలక మీద పాత చక్రం పెట్టి, బొగ్గుతోటి చుట్టు గీస్తున్నది. గీత వంకరగ పోతే చెయ్యితోటి తుడిచి మళ్ళ గీస్తున్నది.

"ఏం చేస్తున్నవే?" అన్న.

"నాలుగు దినాలు రెక్కలు ఇరుగంగ తిప్పిన. నా తిప్పుడు పుక్కట్ల పోవాల్నా? లే, బరమా పట్టు," అన్నది.

ఆడిపిల్ల మోటర్లు చేస్తదా అన్నది గీ అమ్మనే. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే బరమా పట్టిన.

ఈసారి బాపు ముందుగాలనే పలకంతా చిన్న సుత్తెతోటి కొట్టుకుంట, చెవి పెట్టి విన్నడు. ఒక మూలకు మొద్దు సప్పుడొస్తే గీతను జానెడు పక్కకు జరిపించిండు. దాక్టరు సాబు పక్కన నిలవడి, "మేం రోగి ఛాతీ మీద గిట్లనే కొట్టి చూస్తం ఉస్తాద్," అని నవ్విండు.

వానలు పట్టినయి. రెండో చక్రం తెగి మిషిను మీదికెక్కింది. మొఖం కోస్తున్న. మచ్చ లేదు. ఇంకో పొర తీసిన. లేదు. గప్పుడే రోడ్డు మీద లారీ ఆగింది. ఖాకీ బట్టలోళ్ళు ఆరుగురు దిగి తిన్నగ కొట్టంలకొచ్చిన్రు. కమ్మరోళ్ళ ఇండ్ల మీద వాళ్ళకు ఎప్పుడూ అనుమానమే. సంఘపోళ్ళకు నాటు తుపాకులు చేసిస్తరని. వాళ్ళ పెద్ద మనిషి మిషిను చుట్టు తిరిగి, ఉర్దూల అడిగిండు, "తుపాకి గొట్టాలు తీస్తున్నరా?"

బాపు మిషిను ముందటికి జరిగిండు. నాకొచ్చిన ఉర్దూల నేను చెప్పిన, "మోటరు చక్రం. దాక్టరు సాబు మోటరుది."

"ఎవరు చేస్తున్నరు?"

"నేనే."

వాళ్ళు పక్కున నవ్విన్రు. "చేసి చూపియ్యి," అన్నడు పెద్ద మనిషి. అమ్మ దిక్కు చూసిన. అమ్మ కట్టె చక్రం పట్టుకున్నది. నేను ఉలి ఆనిచ్చిన. సన్నటి పొట్టు రాలుతుంటే వాళ్ళ నవ్వు ఆగింది. ఆయన వంగి దగ్గరకెల్లి చూసిండు. అయినా వట్టి చేతులతోటి పోవుడు ఇష్టం లేకపాయె. బల్ల మీదున్న కాలిపర్సు తీసుకున్నడు, లావు సన్నాలు కొలిచే రెండు కొమ్ముల సామాను అది. "ఇది గొట్టాలు కొలిచేది. రేపు వచ్చి మిషిను కూడ తీస్కపోతం," అన్నడు.

గంతల దాక్టరు సాబు వచ్చిండు, గుమ్మం కాడ చెప్పులిప్పుకుంట. ఆయనకు కోపం రాంగ నేను చూసింది గదొక్కనాడే. "ఎండకాలంల నీ మనిషి భుజంలకెల్లి గుండు తీసిన. గుర్తున్నదా? వాని ఊరికి ఆ మోటరుల పోయిన. రేపు నీకు తగిలితే నడుసుకుంట రావాల్నా నేను?" అన్నడు. ఆ పెద్ద మనిషి ఎనుకకు తిరిగిండు. మిషిను జోలికి రాలే. కని కాలిపర్సు జేబుల ఏసుకొనే పోయిండు.

అది లేకుంటే నేను గుడ్డిదాన్నే. నడుమ బొక్క ఇంజను ఇరుసు కొసకు అచ్చంగ అతుకాలె. వదులైతే ఊగుతది, బిగువైతే ఎక్కది. రెండు దినాలు పని ఆగింది. మూడో నాడు విరిగిన రంపం రేకును కాల్చి, వంచి, రాసి కాలిపర్సు నేనే చేసుకున్న. బొక్క లోపలి కొలతకు సైకిలు పుల్ల ఒకటి రెండు కొసలా గుండ్రంగ రాసి పెట్టుకున్న. పుల్ల పాత చక్రం బొక్కల ఎట్ల నిలుస్తదో కొత్తదాంట్ల గట్లనే నిలువాలె. కోసుడు, పుల్ల పెట్టి చూసుడు. పొగాకు పొరంత కోసుడు, మళ్ళ చూసుడు. ఆఖరికి పుల్ల లోపల నిలవడ్డది, ఊదితే మాత్రం కదిలింది. "ఆపు," అన్నడు బాపు. ఊపిరి సప్పుడును బట్టే చెప్పిండు.

పాత చక్రాన్ని కొత్తదాని మీద బిగించి, దాని బొక్కల్లకెల్లే ఆరు బోల్టుల బొక్కలు దింపినం. ఇగ మిగిలింది తూకం. చక్రం ఒక దిక్కు బరువుంటే ఇంజనుకు పూనకమొచ్చినట్టు ఊగుతది. బాపు రెండు పొడుగు ఉలులను అంచులు పైకి పెట్టి రెండు దిమ్మెల మీద నిలిపిండు. నీళ్ళ పళ్ళెం పెట్టి ఎత్తులు సమానం చేసిండు. చక్రం నడుమ ఇరుసు ఏసి ఆ అంచుల మీద పెట్టినం. మెల్లగ తిరిగి, తిరిగి, ఒక జాగల ఆగింది. కిందికొచ్చిన దిక్కు బరువున్నట్టు. ఆడ సుద్ద గీత పెట్టి, చిన్న బొక్క వేసి జర ఇనుము తీసిన. మళ్ళ పెట్టినం. ఇంకో దిక్కుకు ఆగింది. ఆడ ఇంకింత. ఒక దినమంతా గదే పని. దాక్టరు సాబు పీట మీద కూసుండి నాడి చూస్తున్నట్టు చక్రాన్నే చూస్తున్నడు.

మాపటికి, పొద్దు గుంకక ముందే, చక్రం ఏ దిక్కు తిప్పి ఇడిస్తే ఆ దిక్కే నిలవడ్డది. పైకి తిప్పి ఇడిసిన, నిలిచింది. పక్కకు తిప్పి ఇడిసిన, నిలిచింది. బాపు లేచొచ్చి, కనవడే ఒక్క కన్ను కూడ మూసుకొని, రెండు చేతుల వేళ్ళతోటి దాని అంచు పొంటి తడిమిండు. మొఖం మీద గోరు గీకిండు. తరువాత ఆ చేతిని నా నెత్తి మీద పెట్టిండు. మా బాపు మాటల మనిషి కాదు. ఆ చెయ్యి నెత్తి మీద చాన సేపు ఉంచిండు. అమ్మ కొంగుతోటి చెమట తుడుచుకుంట, "తిప్పింది నేను," అన్నది. అందరం నవ్వినం.

ఆ వారమే ఆకాశంల ఇమానాలు తిరిగినయి. యూనియన్ మిలట్రీ వస్తున్నదన్నరు. జనం మూటలు కట్టుకొని చెలకలల్లకు పోయిన్రు. మేం పోలే. రోడ్డు మీద లారీల ఎనుక లారీలు రెండు దినాలు పోయినయి. ఖాకీ బట్టలోళ్ళు బట్టలు మార్చుకొని మాయమైన్రు. జనం సంబురపడ్డరు, మేమూ పడ్డం. కని మూడో నాటికి ఇంకో మాట వినవడ్డది. కొన్ని ఊర్లల్ల, ఏ పాపం ఎరుగని తురకోళ్ళ ఇండ్ల మీద కూడ పడుతున్నరని. అమ్మ తిన్నగ దవాఖానకు పోయి, "సాబ్, మా ఇంటికి నడువుండ్రి. మోటరు పని ఉన్నది," అన్నది. సాబుకు సంగతి సమజైంది. మందుల పెట్టె పట్టుకొని వచ్చిండు.

వచ్చినోడు ఊకె కూసుండలే. మాతోటి పానా పట్టిండు. చక్రం ఇరుసు మీద ఎక్కిచ్చినం. ఒక్క సుత్తె దెబ్బ పడకుండ, గాజు చేతికెక్కినట్టు ఎక్కింది. ఆరు బోల్టులు బిగించినం. క్లచ్చు, గేర్ల పెట్టె ఎక్కినయి. జొన్న చొప్ప కింద దాచిన రెండు డబ్బాల పెట్రోలు బయటికి తీసినం.

గప్పుడే రోడ్డు దిక్కుకెల్లి అరుపులు. పది పన్నెండు మంది ఉరికొస్తున్నరు. చేతులల్ల కట్టెలు, ఇద్దరి భుజాల మీద తుపాకులు. అమ్మ పోయి వాకిట్ల అడ్డం నిలవడ్డది.

"దాక్టరు సాబు ఈడున్నడా?" అని అడిగిండు ముందటోడు, ఆయాసపడుకుంట.

"లేడు," అన్నది అమ్మ.

కొట్టంల ఉన్న సాబు ఆ మాట విన్నడు. నేను చెయ్యి పట్టుకొని ఆపబోయిన. ఆయన నా చెయ్యి ఇడిపించుకొని, గ్రీసు చేతులతోటే బయటికి పోయిండు. "ఉన్న. ఎవరికి ఏమైంది?" అన్నడు.

నాకు ఇప్పటికీ యాది ఉన్నది ఆ అడిగిన తీరు. కట్టెలు చూసి, తుపాకులు చూసి, ఆ మనిషికి తట్టింది గదొక్కటే, ఎవరికో ఏదో అయిందని.

ముందటోడు బొళ్ళున ఏడ్చిండు. "మా తమ్ముడు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు సాబ్. తొడ ఎముక విరిగి బయటికొచ్చింది. నెత్తురు ఆగుతలేదు. అడ్డం ఎవరన్న వస్తరని కట్టెలు పట్టుకొని చెలకల పొంటి ఉరికొచ్చినం."

వాళ్ళ ఊరు గుట్టల అవతల. ఎడ్లబండి మీద పోతే పొద్దంతా పడ్తది. సాబు నా దిక్కు చూసిండు. ఇంజను ఇంకా ఒక్కసారి కూడ తిప్పి చూడలే మేం.

హ్యాండిలు నేనే పట్టిన. బొటనవేలు హ్యాండిలుకు చుట్టకుండ మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకొని, ఎనుకకు తన్నితే చెయ్యి విరుగకుండ, ఒక్క గుంజు గుంజిన. దగ్గింది. ఇంకో గుంజు. తుమ్మింది. మూడో గుంజుకు అంటుకున్నది! నల్ల పొగ ఒక్కసారి ఎగచిమ్మి, తరువాత సాఫుగ, ఊగుడు లేకుండ, దడదడ లేకుండ తిరుగుడు మొదలుపెట్టింది. బాపు బండి మీద అరచెయ్యి ఆనిచ్చి నిలవడ్డడు. "పాతదానికంటే మంచిగుంది," అన్నడు. మళ్ళ, "నువ్వు కూడ పో బిడ్డా. సప్పుడు మారితే నీకే తెలుస్తది," అన్నడు.

సాబు తోలుతున్నడు, పక్కన నేను. తుపాకులోళ్ళిద్దరు చెరొక దిక్కు మెట్టు మీద నిలవడ్డరు, పడ్డ మనిషి అన్న ఎనుక కూసున్నడు. మొదట ఊర్లల్ల మా మోటరును చూసి మిలట్రీ అనుకొని జనం ఉరికిన్రు. తరువాత సాబును గుర్తుపట్టి ఆగి, చేతులూపిన్రు. ఒక ముసలమ్మ కలుపు తీసుడు ఇడిసిపెట్టి, "ఓ దాక్టరా, బండి లేచిందా!" అని ఒర్రింది.

గుట్ట ఎక్కే కాడ సాబు గేరు తగ్గించి, ఇంజనును గట్టిగ ఉరికించిండు. చక్రం పగిలేదుంటే గాడనే పగలాలె. ఆయన పెదవి కరుచుకున్నడు. నాకు చక్రం ఏ పలక కింద తిరుగుతున్నదో ఎరుకే. చెప్పులు ఇడిసి, నా రెండు పాదాలు తీసుకపోయి సరిగ్గ ఆ పలక మీద పెట్టిన. పాదాల కింద సన్నటి జుమ్ము, తేనెపట్టు కాడ ఉన్నట్టు. ఒక్క అదురు లేదు, ఒక్క తడబాటు లేదు. సాబు నా పాదాల దిక్కు చూసిండు, నా మొఖం దిక్కు చూసిండు. "షాబాష్ బేటీ!" అని అరిచిండు. మోటరు గుట్ట ఎక్కింది. నేను కోసిన ఇనుము నన్ను మోసుకపోతున్నదని తెలిసి, ఎన్నడూ లేనిది, అంత మందిల పెద్దగ నవ్విన.

ఆ మనిషికి కాలు దక్కింది, పానం దక్కింది. నెల రోజులు సాబు ఇంటి అరుగు మీదనే ఉన్నడు. తోలుకొచ్చిన నాడే వాని అన్న రోడ్డు మీద పది మంది విన్నట్టు చెప్పిండు, "ఈ సాబు జోలికొచ్చేటోడు ముందుగాల మా ఊరును దాటి రావాలె." ఎవ్వరూ రాలే. మరుసటేడు ఆ గీతగాడు మళ్ళ చెట్టెక్కి, మొదటి ముంత కల్లు సాబు కోసం తెచ్చిండు. సాబు తాగడు. నవ్వి బాపు దిక్కు చూపిచ్చిండు. బాపు కాదనలే.

సాబు మోటరు సంగతి రోడ్డు పొంటి పాకింది. దేవరకొండ దారిల నడిచే బస్సు డ్రైవరొకడు ఒకనాడు అరిగిపోయిన ఇత్తడి బుష్షు, ఇరుసు తిరిగే కడియం, గుడ్డల చుట్టుకొని కొలిమి కాడికొచ్చిండు. బాపు ముందట కూసుండి, ఎట్ల అరిగింది, ఎంత వదులైంది అని చెప్పుకుంట పోతున్నడు. బాపు చెయ్యెత్తి ఆపిండు.

"నాకెందుకు చెప్తున్నవు? పని చేసేది ఆమె. ఆమెతోటి చెప్పు."

డ్రైవరు నా దిక్కు తిరిగిండు. తరువాత గుడ్డ విప్పి బుష్షును నా చేతుల పెట్టి, "అక్కా, జర చూడు," అన్నడు. నేను దాని లోపల గోరు పెట్టి గీకి చూసిన. "బేస్తారం నాడు రా," అన్న.